పాట వింటే వాయించేస్తారు.. మరి కాగితం పెడితే? ఎయిర్‌ఫోర్స్ బ్యాండ్ ఆడిషన్‌కు సైట్ రీడింగ్ ఇలా నేర్చుకోవాలి

నాగర్‌కర్నూల్ జిల్లా తిమ్మాజిపేటలో పెళ్లి బ్యాండ్‌లో ట్రంపెట్ వాయించే 19 ఏళ్ల కుర్రాడిని ఒక్కసారి ఊహించుకోండి. కొత్త సినిమా పాటను యూట్యూబ్‌లో రెండుసార్లు వింటే చాలు.. సాయంత్రం బరాత్‌లో దించేస్తాడు. ఎవరూ నేర్పలేదు. చెవే గురువు. అదే కుర్రాడు ఓ రోజు ఆడిషన్ గదిలోకి వెళ్లాడు. తయారు చేసుకుని వచ్చిన పాట దుమ్ము దులిపాడు. ఆ తర్వాత ఎదురుగా కూర్చున్న ఆయన ఓ కాగితం తీసి స్టాండ్ మీద పెట్టి, వాయించమన్నాడు. ఐదు గీతలు, వాటి మీద నల్ల చుక్కలు. కుర్రాడి వేళ్లు అక్కడే ఆగిపోయాయి.

టాలెంట్ లేక కాదు. చదవడం రాక. ముందెప్పుడూ చూడని సంగీతాన్ని కాగితం మీద చూస్తూ అప్పటికప్పుడు వాయించడాన్నే సైట్ రీడింగ్ అంటారు. ఇది పుట్టుకతో వచ్చే విద్య అనుకుని చాలామంది వదిలేస్తారు. కానీ పేపర్ చదవడం ఎలా వచ్చిందో ఇదీ అలాగే వస్తుంది. అందులోనూ చెవితో నేర్చుకున్నవాళ్లకు ఒక లాభం ఉంది, ఒక పెద్ద చిక్కు కూడా ఉంది. ఆ చిక్కు ఏంటో తెలిస్తే సగం పని అయిపోయినట్టే.

పదో తరగతి, చేతిలో ఒక వాయిద్యం

ముందు ఉద్యోగం సంగతి చూద్దాం. అగ్నిపథ్ పథకం 2022 జూన్‌లో వచ్చింది. దాని కింద ఇండియన్ ఎయిర్‌ఫోర్స్ తన బ్యాండ్ల కోసం అగ్నివీర్ వాయు (మ్యూజీషియన్) పేరుతో విడిగా ర్యాలీలు పెడుతోంది. 2024లో కాన్పూర్, బెంగళూరుల్లో ఈ ర్యాలీలు జరిగాయి. చదువు పదో తరగతి పాసైతే చాలు. వయసు పదిహేడున్నర నుంచి 21 ఏళ్ల మధ్య ఉండాలి. పెళ్లి కాని అబ్బాయిలతో పాటు అమ్మాయిలకూ అవకాశం ఇచ్చారు.

జీతం మొదటి ఏడాది నెలకు 30 వేలు. అందులో 30 శాతం సేవానిధికి పోతుంది కాబట్టి చేతికి వచ్చేది 21 వేలు. నాలుగో ఏడాదికి ప్యాకేజీ 40 వేలకు చేరుతుంది. నాలుగేళ్లు పూర్తయ్యాక సేవానిధి రూపంలో సుమారు 10 లక్షల 4 వేలు చేతికి వస్తాయి. పెన్షన్ ఉండదు. రెగ్యులర్ సర్వీసులోకి తీసుకునేది గరిష్ఠంగా 25 శాతం మందిని మాత్రమే. ఇది తెలుసుకునే దిగాలి. అయినా పెళ్లిళ్ల సీజన్ ఉంటేనే డబ్బులు కనిపించే బ్యాండ్ కుర్రాడికి ఇది చిన్న విషయం కాదు. 21 దాటితే ఈ తలుపు మూసుకుపోతుందన్నది కూడా గుర్తుంచుకోవాలి. అంటే 'వచ్చే ఏడాది చూద్దాంలే' అనడానికి టైమ్ లేదు.

ఇక ఆడిషన్‌లో ఏం అడుగుతారు? తాళం, శ్రుతి తప్పకుండా ఒక పూర్తి పాట పాడాలి. సిద్ధం చేసుకున్న ఒక ట్యూన్ వాయించాలి. తన వాయిద్యాన్ని తనే శ్రుతి చేసుకోవాలి. తెలియని స్వరం వినిపిస్తే గొంతుతో గానీ వాయిద్యంతో గానీ అదే స్వరాన్ని పట్టుకోవాలి. వీటితో పాటు ఏదో ఒక నొటేషన్ తెలుసని చేసి చూపించాలి. స్టాఫ్ నోటేషన్ కావచ్చు, ట్యాబ్లేచర్ కావచ్చు, టానిక్ సోల్ఫా, హిందుస్తానీ, కర్ణాటక పద్ధతి.. ఏదైనా సరే. బరాత్ కుర్రాడు మిగతావన్నీ దాటేస్తాడు. ఆగేది ఈ చివరిదాని దగ్గరే.

చెవి బలమే.. అదే అడ్డం కూడా

నాగర్‌కర్నూల్ జిల్లాకు చెవి సంగీతం కొత్త కాదు. లింగాల మండలం అవుసలికుంటకు చెందిన దర్శనం మొగులయ్య పన్నెండు మెట్ల కిన్నెరతో పద్మశ్రీ దాకా వెళ్లారు. 2021లో 'భీమ్లా నాయక్' పాటతో ఆయన గొంతు రాష్ట్రమంతా మోగింది, 2022లో పద్మశ్రీ వచ్చింది. తండ్రి నుంచి కొడుక్కి, చెవి నుంచి చేతికి వచ్చిన విద్య అది. ఆ కళకు కాగితంతో పని లేదు.

కానీ 30, 40 మంది ఒకేసారి వాయించే బ్యాండ్‌లో పరిస్థితి వేరు. అక్కడ ట్రంపెట్‌కు ఒక కాగితం, క్లారినెట్‌కు ఇంకోటి, ట్యూబాకు మరోటి ఉంటాయి. ఎవరి లైన్ వాళ్లదే. ట్యూబా వాయించేవాడికి పాట మొత్తం వచ్చినా ఉపయోగం లేదు, తన కాగితంలో ఉన్నదే వాయించాలి. పరేడ్‌కో, విదేశీ అతిథి వచ్చినప్పుడో కొత్త కాగితాలు పంచుతారు. ఒక్కొక్కరికీ పాడి వినిపించి నేర్పించే టైమ్ ఎవరికీ ఉండదు.

సినిమా రికార్డింగుల్లోనూ ఇదే కథ. ఇళయరాజా స్టాఫ్ నోటేషన్‌లో స్కోర్ రాసి ఇస్తే, స్టూడియోలో వయొలిన్ వాయించేవాళ్లు కాసేపు రిహార్సల్ చేసి టేక్‌కు వెళ్లిపోయేవాళ్లు. గాయకుడు, ఆర్కెస్ట్రా అంతా కలిసి ఒకే టేక్‌లో రికార్డు చేసే రోజుల్లో ఒక్కరు తప్పితే అందరూ మళ్లీ మొదటి నుంచి వాయించాల్సిందే. చదవడం రానివాళ్లకు రెండోసారి పిలుపు రావడం కష్టం. అదే ఇళయరాజా 2025 మార్చి 8న లండన్‌లో తన సింఫనీ 'వేలియంట్'ను రాయల్ ఫిల్హార్మోనిక్ ఆర్కెస్ట్రాతో వినిపించారు. ఆ ఆర్కెస్ట్రాలో ఎవరికీ తమిళం గానీ తెలుగు గానీ రానక్కర్లేదు. కాగితం చదివితే చాలు.

ఇప్పుడు ఆ చిక్కు సంగతి. చెవి బాగా పనిచేసేవాళ్లు ఒక ముక్కను రెండుసార్లు వాయించగానే అది వాళ్లకు కంఠతా వచ్చేస్తుంది. మూడోసారి కళ్లు కాగితం మీదే ఉంటాయి కానీ చదవడం ఆగిపోయి ఉంటుంది. వేళ్లు జ్ఞాపకంతో నడుస్తుంటాయి. 'అరగంట ప్రాక్టీస్ చేశా' అనుకుంటాడు.. నిజానికి చదివింది మొదటి రెండు నిమిషాలే. నెలల తరబడి కష్టపడినా సైట్ రీడింగ్ మెరుగుపడకపోవడానికి అసలు కారణం ఇదే. టాలెంట్ ఎక్కువున్నవాడే ఇందులో ఎక్కువ ఇరుక్కుంటాడు.

బస్సు బోర్డు చదివినట్టు

జడ్చర్లలో బస్సు వస్తుంటే దూరం నుంచే బోర్డు చూసి 'నాగర్‌కర్నూల్ బండి' అనేస్తారు. న, దీర్ఘం, గ.. అని ఎవరూ కూడబలుక్కోరు. ఒకటో తరగతి పిల్లాడు మాత్రం వేలు పెట్టి ఒక్కో అక్షరం చదువుతాడు. తేడా కంటిచూపులో లేదు. పెద్దవాళ్లకు మొత్తం మాట ఒకే బొమ్మలా కనిపిస్తుంది.

సంగీతం చదవడం కూడా సరిగ్గా ఇంతే. కొత్తవాడు ఒక్కో చుక్కను చూసి 'ఇది ఏ గీత, దీని పేరేంటి, ఏ వేలు' అని లెక్కపెడతాడు. వచ్చినవాడికి నాలుగు చుక్కలు మెట్లలా పైకి వెళ్తుంటే 'స్కేల్‌లో నాలుగు మెట్లు' అని ఒక్కసారే కనిపిస్తుంది. బ్రిటన్ సైకాలజిస్ట్ జాన్ స్లోబోడా 1974లో దీన్ని పరీక్షించారు. వాయిస్తుండగా ఎదురుగా ఉన్న నొటేషన్‌ను మధ్యలో మాయం చేసి, ఆ తర్వాత ఇంకెన్ని స్వరాలు సరిగ్గా వాయించగలరో లెక్కపెట్టారు. బాగా చదివేవాళ్లు ఏడు స్వరాల వరకు వెళ్లారు. రానివాళ్లు మూడు, నాలుగు దగ్గరే ఆగిపోయారు. అంటే మంచి రీడర్ కళ్లు వేళ్ల కంటే చాలా ముందే వెళ్లిపోతాయన్నమాట.

ఈ పరీక్షనే ప్రాక్టీస్‌గా మార్చుకోవచ్చు. పక్కన ఫ్రెండ్‌ను కూర్చోబెట్టి చేతికి ఒక పెళ్లి కార్డు ఇవ్వండి. వాయిస్తున్న బార్‌ను, అది మొదలైన వెంటనే కార్డుతో కప్పేయమనాలి. కప్పేశాక వెనక్కి చూసే దారి ఉండదు కాబట్టి కళ్లు తప్పనిసరిగా ముందుకు పరిగెడతాయి. మొదటి వారం చికాకుగా ఉంటుంది. ట్రంపెట్ విసిరికొట్టాలనిపిస్తుంది. అయినా అన్నిటికంటే ఎక్కువ ఫలితం ఇచ్చేది ఇదే.

'స' ఎక్కడైనా ఉంటుంది.. 'సి' కదలదు

కర్ణాటక సంగీతం కొద్దిగా నేర్చుకున్నవాళ్లు 'మాకు నొటేషన్ రాదు' అంటే నమ్మకూడదు. వాళ్లకు ఒక నొటేషన్ ఇప్పటికే వచ్చు. తెలుగు లిపిలో స అంటే ఒక అక్షరకాలం, సా అంటే రెండు. కామా ఒక అక్షరం పొడిగింపు, సెమికోలన్ రెండు. స్వరం మీద చుక్క ఉంటే తారస్థాయి, కింద ఉంటే మంద్రస్థాయి. గీత గీస్తే వేగం రెట్టింపు. సుబ్బరామ దీక్షితులు ఎట్టయపురం నుంచి 1904లో తెచ్చిన 'సంగీత సంప్రదాయ ప్రదర్శిని' అచ్చయింది తెలుగు లిపిలోనే. గమకాలకు కూడా గుర్తులు పెట్టి వందల కృతులు అందులో రాశారు. దాని వెనక పట్టుబట్టిన చిన్నస్వామి ముదలియార్ అప్పటికే మన కీర్తనలను స్టాఫ్ నోటేషన్‌లో అచ్చు వేయించిన మనిషి. రెండు పద్ధతులూ పక్కపక్కనే నడవడం మన దగ్గర నూరేళ్ల పైమాటే!

ఎయిర్‌ఫోర్స్ ఆడిషన్‌లో కర్ణాటక నొటేషన్ కూడా చెల్లుతుంది. కానీ ఉద్యోగంలో చేరాక స్టాండ్ మీద కనిపించేది ఐదు గీతలే. కాబట్టి ఇప్పుడే నేర్చుకోవడం మేలు.

మారేటప్పుడు తడబడేది ఒకే చోట. కర్ణాటకంలో స ఎక్కడైనా పెట్టుకోవచ్చు. ఒకటిన్నర శ్రుతి అయినా, ఐదు శ్రుతి అయినా స ఎప్పుడూ స నే. స్టాఫ్‌లో అలా కాదు. సి అంటే సి నే, దాని చోటు మారదు. పైన రాగం పేరు చూస్తే ఏ రి, ఏ గ వాడాలో కర్ణాటక విద్యార్థికి తెలిసిపోతుంది కదా. స్టాఫ్‌లో ఆ పని కీ సిగ్నేచర్ చేస్తుంది. లైన్ మొదట్లో ఉండే షార్ప్, ఫ్లాట్ గుర్తులే అవి. శంకరాభరణం వచ్చినవాడికి మేజర్ స్కేల్ వచ్చినట్టే, నఠభైరవి వస్తే నేచురల్ మైనర్ వచ్చినట్టే. కీ సిగ్నేచర్ చూడగానే 'ఇక్కడ స ఎక్కడ ఉంది' అని గుర్తుపట్టడం అలవాటైతే పాత చదువంతా కలిసొస్తుంది.

వయొలిన్ వాళ్లకు ఇంకో తలనొప్పి ఉంది. మన దగ్గర తీగలను స-ప-స-ప గా శ్రుతి చేస్తారు. పాశ్చాత్య పద్ధతిలో జి-డి-ఎ-ఇ. కాబట్టి అదే వేలు అదే చోట పెట్టినా వేరే స్వరం పలుకుతుంది. రెండిటినీ ఒకే రోజు ప్రాక్టీస్ చేస్తే మొదట్లో గందరగోళమే. కొన్ని వారాలు పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి అని విడగొట్టుకోవడం నయం.

బ్యాండ్ వాయిద్యాల సంగతి ఇంకా విచిత్రం. సాధారణంగా వాడే ట్రంపెట్, క్లారినెట్ 'బి ఫ్లాట్' వాయిద్యాలు. కాగితంలో సి అని ఉంటే వాయించేవాడు సి అనే అనుకుని వాయిస్తాడు, బయటకు వినిపించేది మాత్రం కీబోర్డు మీద బి ఫ్లాట్. ఆల్టో సాక్సోఫోన్‌లో అదే సి, ఇ ఫ్లాట్‌గా మోగుతుంది. కీబోర్డు నొటేషన్ డౌన్‌లోడ్ చేసి ట్రంపెట్ మీద వాయించి 'శ్రుతి కలవట్లేదేంటి' అని తల పట్టుకునేవాళ్లు ఇది తెలుసుకుంటే చాలు. ఒక ఊరట కూడా ఉంది. బ్యాండ్ సంగీతం ఎక్కువగా బి ఫ్లాట్, ఇ ఫ్లాట్, ఎఫ్ కీల్లో ఉంటుంది. ట్రంపెట్ కాగితంలోకి వచ్చేసరికి అవి సి, ఎఫ్, జి అయిపోతాయి. అంటే సున్నా, ఒక ఫ్లాట్, ఒక షార్ప్. ముందు ఈ మూడింటిని పట్టుకుంటే పెద్ద భారం దిగిపోతుంది.

ఆ అర నిమిషంలో ఏం చూడాలి?

ఏబీఆర్‌ఎస్‌ఎం, ట్రినిటీ లాంటి అంతర్జాతీయ గ్రేడ్ పరీక్షల్లో సైట్ రీడింగ్ ముక్క ఇచ్చాక వాయించడానికి ముందు అర నిమిషం టైమ్ ఇస్తారు. ఏబీఆర్‌ఎస్‌ఎం ప్రాక్టికల్ పరీక్షలో మొత్తం 150 మార్కుల్లో దీనికే 21 ఉంటాయి. ఆడిషన్‌లో అంత టైమ్ ఇచ్చినా ఇవ్వకపోయినా ఆ అర నిమిషం అలవాటు మాత్రం చాలా పనికొస్తుంది.

చాలామంది ఆ టైమ్‌లో మొదటి లైన్‌ను లోలోపల వాయించుకోవడం మొదలుపెడతారు. రెండో బార్ దగ్గరే టైమ్ అయిపోతుంది. అలా కాకుండా ముందు తాళం చూడాలి.. నాలుగా, మూడా, ఆరా? తర్వాత కీ సిగ్నేచర్. ఆ తర్వాత కళ్లు నేరుగా ముక్కలో అన్నిటికంటే నల్లగా, చిక్కగా కనిపించే బార్ మీదకు వెళ్లాలి. అక్కడే వేగమైన స్వరాలు ఉంటాయి. ఆ బార్‌ను ఎంత వేగంతో వాయించగలరో, మొత్తం ముక్కను అదే వేగంతో మొదలుపెట్టాలి. మొదటి బార్ తేలిగ్గా ఉందని స్పీడ్‌గా ఎత్తుకుని ఐదో బార్‌లో బోర్లా పడటం అందరూ చేసే తప్పే. మధ్యలో విడిగా వచ్చే షార్ప్, ఫ్లాట్ గుర్తులుంటే చూపుతో ఒకసారి గుర్తుపెట్టుకోవాలి. చివరిగా మనసులో ఒక ఆవర్తనం లెక్కపెట్టుకుని మొదలుపెట్టాలి.

మొదలుపెట్టాక ఒకే ఒక్క రూల్. ఆగకూడదు. తప్పు పడితే పడనివ్వాలి. వెనక్కి వెళ్లి దిద్దితే రెండు తప్పులవుతాయి.. స్వరం ఎలాగూ పోయింది, ఇప్పుడు లయ కూడా పోయింది. బ్యాండ్ కవాతు చేస్తుంటే ఒకడు ఆగి సరిదిద్దుకోలేడు కదా. స్వరం తప్పినా కాలం తప్పనివాడు పక్కవాళ్లతో కలిసి నడవగలడు. కాలం తప్పినవాడితో ఎవరూ నడవలేరు. ఇక్కడ డప్పు, డోలు చప్పుడు మధ్య పెరిగిన మన కుర్రాళ్లకు నిజంగా పైచేయి ఉంది. లయ ఒంట్లోనే ఉంటుంది. కాగితం చూడగానే భయపడి దాన్ని వదిలేస్తున్నారు, అంతే.

రోజుకు 20 నిమిషాలు.. రోజూ కొత్తదే

ఇక ప్రాక్టీస్. ఆదివారం మూడు గంటలు కూర్చోవడం కంటే రోజూ 20 నిమిషాలు చాలా మేలు. ముక్క ప్రతిసారీ కొత్తదే కావాలి. ఒక్కసారి, మహా అయితే రెండుసార్లు వాయించి పక్కన పెట్టేయాలి. బాగా రాకపోయినా సరే, మళ్లీ ముట్టుకోకూడదు. ఇది మనసుకు అస్సలు నచ్చదు. కానీ చెవి కంఠతా పట్టేలోపే పేజీ తిప్పేయడం ఒక్కటే మందు.

ఎంచుకునే ముక్క తన వాయిద్య స్థాయి కంటే రెండు మెట్లు కింద ఉండాలి. బరాత్‌లో గమకాలు కొట్టేవాడు 'ఒకటో తరగతి ట్యూన్లు వాయించాలా' అని సిగ్గుపడతాడు. పడకూడదు. చదివే విషయంలో తను ఒకటో తరగతే. మొదటి రెండు వారాలు వాయిద్యం పక్కన పెట్టి చేత్తో తాళం వేస్తూ లయ మాత్రమే చదివినా మంచిదే. తర్వాత స్వరాల పేర్లు పైకి పలుకుతూ, ఆ తర్వాత వాయిద్యంతో.

తిమ్మాజిపేటలో వెస్టర్న్ మ్యూజిక్ మాస్టారు దొరక్కపోవచ్చు, హైదరాబాద్ వంద కిలోమీటర్ల దూరం. కానీ ఫోన్ ఉంది. ఐఎంఎస్‌ఎల్‌పీ వెబ్‌సైట్‌లో కాపీరైట్ అయిపోయిన లక్షల పేజీల స్కోర్లు ఉచితంగా దొరుకుతాయి. మ్యూజ్‌స్కోర్ సాఫ్ట్‌వేర్ కూడా ఉచితమే. అందులో ఏ ముక్కనైనా తన వాయిద్యం కీలోకి మార్చుకోవచ్చు, వాయించాక సరిగ్గా వచ్చిందో లేదో విని సరిచూసుకోవచ్చు. వాయించకముందు మాత్రం వినకూడదు, వింటే మళ్లీ చెవి పని మొదలుపెట్టేస్తుంది. గూగుల్‌లో మెట్రోనోమ్ అని టైప్ చేస్తే స్క్రీన్ మీదే వచ్చేస్తుంది. చర్చికి వెళ్లేవాళ్లకు స్టాఫ్ నోటేషన్ ఉన్న ఇంగ్లీష్ హిమ్స్ పుస్తకం దొరికితే బంగారమే. ముక్కలు చిన్నవి, లయ తేలిక, వందల సంఖ్యలో ఉంటాయి. ఒక్కటే జాగ్రత్త.. ఫోన్ స్క్రీన్ మీద చదవొద్దు. రెండు బార్లే కనిపిస్తే కళ్లు ముందుకు వెళ్లడం ఎలా నేర్చుకుంటాయి? మండల కేంద్రంలో జిరాక్స్ షాపు ఉంది, పదీ పదిహేను పేజీలు ప్రింట్ తీసుకుంటే వారం గడుస్తుంది.

వారంలో రెండు రోజులైనా ఇంకొకరితో కలిసి చదవాలి. 1990ల్లో ఆండ్రియాస్ లేమన్, ఆండర్స్ ఎరిక్సన్ అనే ఇద్దరు పరిశోధకులు పియానిస్టులను పరీక్షించారు. సోలోలు వాయించేవాళ్ల కంటే ఇతరులకు సహకారం వాయించేవాళ్లే సైట్ రీడింగ్‌లో ముందున్నారని తేలింది. కారణం ఊహించడం కష్టం కాదు. పక్కన ఇంకొకరు వాయిస్తుంటే ఆగి సరిదిద్దుకునే వీలే ఉండదు. బ్యాండ్‌లో ఉన్న క్లారినెట్ కుర్రాడూ, ట్రంపెట్ కుర్రాడూ కలిసి కూర్చుంటే ఇద్దరి పనీ అవుతుంది. రెండూ బి ఫ్లాట్ వాయిద్యాలే కాబట్టి ఒకే కాగితం చాలు.

ఎన్నాళ్లు పడుతుంది? మనిషిని బట్టి మారుతుంది. అందుకే నోటిఫికేషన్ వచ్చాక మొదలుపెడదాం అనుకోవడం పొరపాటు. దరఖాస్తుకు ఇచ్చే గడువు రెండు వారాలే ఉండొచ్చు. కళ్లకు ఈ అలవాటు రావడానికి నెలలు కావాలి. ఎయిర్‌ఫోర్స్ అధికారిక వెబ్‌సైట్‌ను అప్పుడప్పుడు చూస్తూ ఉండాలి, వాయిద్యాల జాబితా, పుట్టినతేదీ పరిమితి ప్రతి నోటిఫికేషన్‌లోనూ వేరుగా ఉంటాయి.

ఇంకో విషయం. కాగితం చదివి అధికారులను మెప్పించినంత మాత్రాన పని అయిపోదు. ఆ తర్వాత ఇంగ్లీష్ రాత పరీక్ష ఉంటుంది, మెడికల్ ఉంటుంది. అబ్బాయిలు 1.6 కిలోమీటర్లను 7 నిమిషాల్లో పరిగెత్తాలి. కాబట్టి పొద్దున్నే ఊరి బయట రోడ్డు మీద పరుగు, ఇంటికొచ్చి ఊపిరి తీసుకుని 20 నిమిషాలు కొత్త కాగితం. ట్రంపెట్ వాయించేవాడికి ఆ ఊపిరి ఎలాగూ కావాల్సిందే.